గ్రాఫు గీయు గణనయంత్రములు: మార్చుకొనుటకు ముందు పోల్చి చూచు విధము

లాల్‌దర్వాజా, శాలిబండ, అలియాబాదు ప్రాంతములనుండి మన పాఠశాలకు వచ్చి పై తరగతులు ముగించినవారిలో కొందఱు అమెరికాలోని బంధువులయొద్ద చదువుకొనుటకై పోవుచున్నారు. మఱికొందఱు నగరమునందే విదేశీయ పరీక్షావిధానములు గల పాఠశాలలలో చేరుచున్నారు. వీరందఱికిని చేరిన మొదటి మాసముననే యొక చిక్కు కలుగుచున్నది. అంతవఱకు చేతిలో నున్న చిన్న శాస్త్రీయ కాలిక్యులేటరు చాలదనియు, గ్రాఫు గీయు కాలిక్యులేటరు కొనవలెననియు ఉపాధ్యాయులు చెప్పుదురు. డల్లాసునందున్న మేనమామ యొకటి పంపెదనని ఫోను చేయును. ట్యూషను మాస్టరు వేఱొకటి కొనుమనును. తోడి విద్యార్థి మూడవదానిని పొగడును. చిన్న దుకాణము నడుపుకొను తండ్రి మాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, వీటిలో ఏది మంచిదో మీరే చెప్పండి, రెండుమారులు కొనే శక్తి మాకు లేదు" అని యడుగును. ఆయన మాట న్యాయమైనది. కాని "ఏది మంచిది" యను ప్రశ్నకు ముందు "ఏ పరీక్షకు, ఏ చేతికి" యను రెండు ప్రశ్నలు కలవు. వానినిగూర్చియే యీ పాఠము.

ముందుగా ఈ యంత్రములు వచ్చిన దారిని కొంచెము చెప్పుదుము. 1614లో నేపియరు సంవర్గమానములను ప్రకటించిన నాటినుండి మూడువందల యేండ్లకు పైగా పెద్ద లెక్కలు చాలవఱకు పట్టికలతోడను, స్లైడు రూలుతోడను జరిగినవి. మనకు సమీపముననే ఫిసల్‌బండలో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు మాఱి, ఆకాశమున దక్షిణముగ 17 డిగ్రీలు మొదలు 23 డిగ్రీల వఱకు గల పట్టీలోని లక్షలకొలది నక్షత్రముల స్థానములను నిర్ణయించినది. నేటి విద్యార్థి జేబులో నుండు యంత్రము అప్పటికి పుట్టలేదు. 1972లో హ్యూలెట్ ప్యాకార్డు వారి హెచ్‌పీ-35 వచ్చి స్లైడు రూలును మూలకు త్రోసెను. దాని వెల అప్పుడు 395 డాలర్లు. 1985లో జపానుకు చెందిన కాసియో కంపెనీవారు ఎఫ్‌ఎక్స్-7000జీ యను దానిని విడుదల చేసిరి. గ్రాఫు గీయు కాలిక్యులేటరులలో అంగడికి వచ్చిన మొదటిది అదియే. హ్యూలెట్ ప్యాకార్డువారు 1987లోను, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు 1990లోను తమ తమ యంత్రములతో పోటీలోనికి దిగిరి. చివర వచ్చినవారే అమెరికా పాఠశాలలను గెలిచిరి. వారి ప్రధాన కార్యాలయము డల్లాసునందే. ఆ నగర పరిసరములగు ఇర్వింగు, ఫ్రిస్కో, ప్లేనోలలో మన తెలుగువారు దండిగా నుండుటచే, మేనమామలు పంపు యంత్రము తఱచు ఈ కంపెనీదే యగుటలో వింత లేదు. 2017లో ఫ్రాన్సు దేశమునుండి నమ్‌వర్క్స్ అనునది మఱియొక పోటీదారుగా వచ్చినది.

ఇక మొదటి ప్రశ్న పరీక్షనుగూర్చినది. ఇచ్చటనే యుండి కేంద్ర బోర్డు పరీక్షకును, జేఈఈ పరీక్షకును పోవు విద్యార్థికి ఏ కాలిక్యులేటరును లోనికి రానీయరు. గేటు పరీక్షలో కంప్యూటరు తెరమీదనే యొక శాస్త్రీయ కాలిక్యులేటరు చూపుదురు. మన యంత్రము పనికిరాదు. కావున వీరికి గ్రాఫు యంత్రము కొనుట వ్యర్థవ్యయము. కేంబ్రిడ్జి ఏ-లెవెల్ గణితమునకు శాస్త్రీయ కాలిక్యులేటరు కావలెను గాని, గ్రాఫు గీయునది నిషిద్ధము. దీనిని తెలియక, విదేశీయ పరీక్ష యనగానే గ్రాఫు యంత్రము కావలెనని తలచి కొనువారు గలరు. ఇంటర్నేషనల్ బాకలారియేట్ విధానము ఇందుకు వ్యతిరేకము. 2019లో మొదలైన వారి రెండు గణిత పాఠ్యక్రమములలో ఒకదానియందు మొదటి ప్రశ్నపత్రము తప్ప తక్కినవానికిని, రెండవదానియందు అన్ని పత్రములకును గ్రాఫు యంత్రము ఉండియే తీరవలెను. అమెరికా ఏపీ కాలిక్యులసు పరీక్షలోను కొన్ని భాగములకు అది యవసరము. ఎస్‌ఏటీ పరీక్ష విదేశములలో 2023నుండియు, అమెరికాలో 2024నుండియు కంప్యూటరుమీద జరుగుచున్నది; అందు డెస్మోస్ అను గ్రాఫు సాధనము తెరమీదనే లభించును. ఒక్క ఎస్‌ఏటీ కొఱకే యంత్రము కొనదలచినవారు ఈ మాట గమనింపవలెను.

ఇందులో ఇంకొక మెలిక కలదు. కొన్ని యంత్రములు సంఖ్యలతోనే గాక అక్షరములతో గూడ బీజగణితము చేయును; సమీకరణమును కారణాంకములుగ విడగొట్టి, అవకలనము చేసి, సూత్రమునే సమాధానముగ నిచ్చును. హెచ్‌పీ ప్రైమ్, టీఐ-ఎన్‌స్పైర్ సీఎక్స్ క్యాస్, కాసియో క్లాస్‌ప్యాడ్ అట్టివి. అమెరికాలోని ఏసీటీ పరీక్షలో వీనికి ప్రవేశము లేదు. అంగడివాడు "ఇది అన్నిటికంటె శక్తి గలది" యని చెప్పునది సత్యమే. ఆ శక్తియే పరీక్షామందిరపు ద్వారమువద్ద దానిని నిలిపివేయును. నియమములు ఏటేట మాఱునవి గనుక, చేరబోవు పాఠశాలనుండి అనుమతించిన యంత్రముల పట్టికను వ్రాతమూలముగ తెప్పించుకొని గాని రూపాయి బయటికి తీయరాదు.

తెరలు, బ్యాటరీల విషయము త్వరగా ముగింతుము. 2004లో వచ్చిన టీఐ-84 ప్లస్ తెర నలుపు తెలుపుది; అడ్డముగ 96, నిలువుగ 64 చుక్కలు. 2015 నాటి టీఐ-84 ప్లస్ సీఈ రంగుల తెర గలది. 320, 240 చుక్కలు. కాసియో ఎఫ్‌ఎక్స్-9750జీ మూడవ రూపము 2020లో వచ్చినది. 128, 64 చుక్కలు, రంగు లేదు, వెల తక్కువ. అదే కంపెనీ 2017లో తెచ్చిన ఎఫ్‌ఎక్స్-సీజీ50 రంగులది. 384, 216 చుక్కలు. కాసియో యంత్రములు రెండును, పాత టీఐ-84 ప్లస్‌యు నాలుగేసి సన్న సెల్లులతో నడచును. అవి శాలిబండలో ఏ కిరాణా కొట్టునందైనను దొరకును. సీఈ, హెచ్‌పీ ప్రైమ్, నమ్‌వర్క్స్ మూడును ఫోనువలె చార్జి చేయవలసినవి. చార్జి చేయుట మఱచు పిల్లవానికి సెల్లుల యంత్రమే మేలని మా యభిప్రాయము.

అసలు విషయము ఇంక మీదట నున్నది. మన పిల్లలు చాలకాలముగా వాడుచున్నది కాసియో చిన్న యంత్రము. దానిమీద అలవాటైన వ్రేళ్లతో టీఐ యంత్రమును నొక్కినప్పుడు, రెండును సరిగా పనిచేయుచునే వేఱు వేఱు సమాధానము లిచ్చును. ఏ యంత్రమందును దోషము లేదు. ఇది యెట్లు సంభవించునో చూడుడు.

6 ÷ 2(1 + 2) అని గుణకారపు గుర్తు లేకుండ నొక్కుడు. టీఐ-84 దీనిని ఎడమనుండి కుడికి చదువును: ముందు 6 ÷ 2 చేసి 3, దానిని 3చేత గుణించి 9 అనును. కాసియో యంత్రము గుర్తు లేని గుణకారమునకు భాగహారముకంటె ముందు స్థానమిచ్చును: 2(1 + 2) ముందుగా 6 అయి, 6 ÷ 6 చేసి 1 అనును. కొన్ని క్రొత్త కాసియోలు తామే తెరమీద కుండలీకరణములను చేర్చి చూపును గూడ. విచిత్రమేమనగా టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారిదే యైన పాత టీఐ-82 కూడ కాసియోవలెనే చదివెడిది. టీఐ-83 నుండి వారు పద్ధతి మార్చిరి. కావున ఒకే కంపెనీలో యంత్రము మార్చినను పరీక్షించుకొనక తప్పదు.

ఇది వట్టి చమత్కారపు లెక్క యని కొందఱనుకొందురు. భౌతికశాస్త్ర ప్రయోగశాలకు రండు. లోలకము సెకనునకు ఎన్ని మారులు ఊగునో తెలుపు సూత్రమున, గురుత్వ త్వరణమును పొడవుచే భాగించి, వర్గమూలము తీసి, దానిని రెండు 'పై' చేత భాగింపవలెను. పొడవు ఒక మీటరు, త్వరణము 9.8 అనుకొందము. పుస్తకమున అచ్చయినట్లే 1 ÷ 2పై√9.8 అని పిల్లవాడు నొక్కును. టీఐ-84 దీనిని సగము పెట్టి, దానిని 'పై' చేతను, వర్గమూలము చేతను గుణించి 4.917 అనును. కాసియో 2పై√9.8 అంతయు నొక ముద్దగా గట్టి, ఒకటిని దానిచే భాగించి 0.0508 అనును. సరియైన సమాధానము 0.498. రెండు యంత్రములును అడిగినదానికి సరిగానే చెప్పినవి, అడుగుటయే తప్పు. ఒక మీటరు లోలకము పోయి వచ్చుటకు ఇంచుమించు రెండు సెకనులు పట్టునని యెఱిగిన విద్యార్థి, సెకనునకు అయిదు మారులు ఊగునన్న యంత్రమును చూచి నవ్వును. ఎఱుగనివాడు 4.917 అని పుస్తకమున వ్రాసికొనును.

దీనికి విరుగుడు సులభము. భాగహారము క్రింద నున్నదంతయు కుండలీకరణములలో పెట్టవలెను. గుణకారపు గుర్తును ఎన్నడును విడువరాదు. (1 ÷ (2 × పై)) × √9.8 అని నొక్కినచో ఏ కంపెనీ యంత్రమైనను 0.498 అనియే చెప్పును. క్రొత్త యంత్రములలో పుస్తకమునందువలె పైన క్రింద భిన్నము వ్రాయు వసతి కూడ కలదు. దానిని వాడినను చాలును. యంత్రము మార్చుటకు ఒక నెల ముందుగనే, పాతదానిమీదనే ఈ యలవాటు చేసికొనుట మంచిది.

కోణముల విషయము ఇట్టిదే. కాసియో చిన్న యంత్రమును మొదటి స్థితికి తెచ్చినచో అది డిగ్రీలలో లెక్కించును. గ్రాఫు యంత్రములు, టీఐ-84 గాని కాసియోవారివి గాని, మొదటి స్థితిలో రేడియనులలో నుండును. చార్మినారునకు 50 మీటరుల దూరమున నిలిచిన విద్యార్థికి మీనారు కొన 45 డిగ్రీల కోణమున కనబడినదనుకొందము. టాన్ 45 ఒకటి గనుక, కంటి మట్టమునుండి కొన యెత్తు 50 మీటరులు. రేడియనులలో నున్న యంత్రము టాన్ 45 అనగా 1.6198 అని చెప్పును. యెత్తు 81 మీటరులగును. లాల్‌దర్వాజా పిల్లవాడు రోజును చూచు కట్టడము గనుక ఈ పెంపు అతనికి తెలియవచ్చును. ఎన్నడును చూడని వస్తువు విషయమున ఏమి చేయును? పరీక్షకు ముందు యంత్రమును అధికారులు మొదటి స్థితికి తెచ్చు సందర్భములు కలవు. కావున ప్రతి పరీక్షారంభమున సైన్ 30 నొక్కి, సగము వచ్చుచున్నదా, −0.988 వచ్చుచున్నదా యని చూచుకొనవలెను.

ఇప్పుడు గ్రాఫునకు వత్తము. య అను అవ్యక్తరాశి తీసికొని, య³ − 100య అను ప్రమేయమును టీఐ యంత్రపు సాధారణ కిటికీలో, అనగా అన్ని దిక్కులను −10 నుండి 10 వఱకు, గీయించి చూడుడు. నిలువు గీతలవంటివి తప్ప వేఱేమియు కనబడదు. ఆ వక్రరేఖ సుమారు 385 వఱకు లేచి, అంతే క్రిందికి దిగును. కిటికీ పదివద్దనే ఆగినది. నిలువు కొలతను −400 నుండి 400 వఱకు పెంచినప్పుడు గాని కొండయు లోయయు కనబడవు. ఈ పని ఏ యంత్రమున ఎన్ని మీటలతో నగునో లెక్కించుట పోల్చు విధానములలో నొకటి. మూలములను కనుగొను తీరులోను భేదము కలదు. టీఐ-84 ఎడమ హద్దు ఏది, కుడి హద్దు ఏది, మీ ఊహ ఏది యని మూడు ప్రశ్నలడుగును. కాసియో జీ-సాల్వ్ పట్టికలో రూట్ అను దానిని నొక్కగానే ఎడమ కొసనున్న మూలమును చూపి, కుడి బాణము నొక్కినకొలది తరువాతివానిని చూపును. తొందరలో కాసియో పద్ధతి హాయి. ఐనను హద్దులడుగు యంత్రము విద్యార్థిచేత వక్రరేఖను కన్నులార చూపించును. ఉపాధ్యాయులమగు మాకు ఆ మొండితనము కొంత యిష్టమే.

తెర చుక్కల సంఖ్యయే ఒక్కొక్కప్పుడు కన్నులను మోసగించును. పాత టీఐ-84 ప్లస్‌లో గ్రాఫునకు వాడు అడ్డు చుక్కలు 95. వాని నడుమ ఎడములు 94. కిటికీని −2పై నుండి 2పై వఱకు పెట్టి, సైన్ 47య గీయుమనుడు. నిజముగా అచ్చట 94 అలలు ఉండవలెను. తెరమీద నొక్క అలయు లేదు, అడ్డగీత మాత్రమే. కారణమేమి? మొత్తము వెడల్పు 4పై. ఒక్కొక్క యెడము 4పైలో 94వ వంతు. దానిని 47చేత గుణించిన సరిగా 2పై, అనగా ఒక పూర్తి చుట్టు. యంత్రము ప్రతి చుక్కవద్దను ఆగి చూచినప్పుడెల్ల అల తిరిగి సున్నవద్దకే వచ్చి నిలిచియుండును. నడుమ జరిగినది యంత్రము చూడలేదు. చుక్కలు ఎక్కువైన యంత్రమున 47కు ఈ మోసము జరుగదు గాని, వేఱొక సంఖ్యకు జరుగును. టీఐ-84 ప్లస్ సీఈలో గ్రాఫు చుక్కలు 265, ఎడములు 264. అచ్చట సంఖ్య 132. రంగుల తెరకు ఎక్కువ వెల పెట్టినవాడు ఈ మోసమును దూరముగ నెట్టినాడే గాని తొలగించుకొనలేదు.

మార్చువారు ఈ పరీక్షలనన్నిటిని ఒక నోటుపుస్తకమున వ్రాసికొని, కొనక ముందే చేసి చూడవలెను. పెద్ద తరగతివారియొద్ద యంత్రమును ఒక సాయంకాలము అడిగి తెచ్చుకొన్నను సరిపోవును. నమ్‌వర్క్స్ వారు తమ యంత్రపు ప్రతిరూపమును ఇంటర్నెట్టునందు ఉచితముగ నుంచిరి. ఇంటివద్ద అభ్యాసమునకు మాత్రమే గ్రాఫు కావలసినవారికి డెస్మోస్, జియోజీబ్రా రెండును రూపాయి ఖర్చు లేనివే. వీనిలో జియోజీబ్రా 2001లో ఆస్ట్రియా దేశమున హోహెన్‌వార్టరు అను విద్యార్థి పరిశోధనలో పుట్టినది.

మా యభిప్రాయము నడిగినచో దాచక చెప్పుదుము. అమెరికాలో హైస్కూలునందు చేరువారు టీఐ-84 రకమునే తీసికొందురు గాక. అది అన్నిటికంటె మేలైనదని కాదు, అచ్చటి ఉపాధ్యాయుడు నల్లబల్లవద్ద చెప్పు మీటల పేర్లు దానివే యగుటచేత. తక్కిన ముప్పదిమంది ఒక మీట నొక్కుచుండగా మనవాడు వేఱొక మీటను వెదకుకొనుచుండుట కష్టము. ఇచ్చటనే బాకలారియేటులో చేరువారు, కాసియో అలవాటున్న యెడల, కాసియో 9750తో తృప్తిపడవచ్చును; మిగిలిన సొమ్ము పుస్తకములకు వచ్చును. అచ్చట తరగతిలో అందఱును వేఱొకటి వాడుచున్నారేమో ముందు కనుగొనవలెను. ఏది కొన్నను పెద్ద పరీక్షకు మూడు నెలలలోపల మార్చుట మేము ఒప్పుకొనము. మేనమామ పంపిన యంత్రము ఎంత క్రొత్తదైనను, అది మార్చి మాసమున వచ్చెనేని, ఏప్రిల్ పరీక్షకు పాతదానితోనే పోవుట క్షేమము. పాతది అనుమతింపబడినదైనచో దానిని ఎవరికిని ఇచ్చివేయక అట్టిపెట్టవలెను.

పై తరగతి విద్యార్థులకు ఒక లెక్క. పాత టీఐ-84 ప్లస్‌మీద అదే కిటికీలో సైన్ 48య గీయించినచో, అది సైన్ య గీతతో చుక్క చుక్కకును కలిసిపోవును. సైన్ 46య యైనచో దానికి తలక్రిందుగ వచ్చును. ఇట్లేల యగునో చుక్కల యెడములనుబట్టి నిరూపింపుడు. కాసియో 9750లో గ్రాఫు అడ్డు చుక్కలు 127. అందుచేతనే దాని మొదటి కిటికీ −6.3 నుండి 6.3 వఱకు ఉండి, ఒక్కొక్క అడుగు సరిగా పదియవ వంతగును. −2పై నుండి 2పై వఱకు గల కిటికీలో, ఆ తెరమీద సైన్ యను అనుకరించు సంఖ్య ఏదియో కనుగొని, యంత్రము దొరకినప్పుడు గీయించి చూడుడు.